వానలకు ముందు పాత పొలం ఇల్లు బాగుచేయిస్తున్నారా? ముందు ఆ సిమెంట్ ఆపండి

ఈ మధ్య ఒక పాత పొలం ఇంటి గోడ రాత్రి వానకు కూలింది. ఇంట్లోవాళ్లు పక్క గదిలో పడుకోబట్టి బతికారు. "పాత ఇల్లు కదా, ఎన్నాళ్లుంటుంది" అన్నారు చూసినవాళ్లంతా. కానీ తరాల పాటు వానలకు నిలిచిన గోడ అది. కూలడానికి కొద్ది కాలం ముందే దాన్ని "గట్టిగా ఉంటుంది" అని సిమెంట్‌తో పూయించారు. గోడను చెడగొట్టింది ఆ పూతే.

కారే కప్పు, పగిలిన పెంకులు, చెదలు... ఇవి ఎలాగూ చూసుకుంటారు. నేను చూసినంతలో పాత ఇళ్లను ముంచింది మాత్రం సిమెంటే.

ఇప్పుడు మనం వాడే సిమెంట్‌కు మూలమైన పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ వచ్చింది 1824లో. ఊళ్లకూ పొలాలకూ చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతకుముందు కట్టిన గోడలు మట్టివి, లేదా సున్నంతో కట్టిన ఇటుక, రాతి గోడలు. అవి నేలలోని చెమ్మను కొంత పీలుస్తాయి, ఎండ తగలగానే పైపూత గుండా వదిలేస్తాయి. పైన సిమెంట్ పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. సిమెంట్ పూత బిరుసు, పాత గోడ కొంచెం కదిలినా వెంట్రుకంత చీలికలు పడతాయి. వాన నీరు వాటిలోంచి లోపలికి పోతుంది, బయటికి రాలేదు. గోడ అడుగున మట్టి మెత్తబడి బురదవుతుంది. పైకి మాత్రం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

వేళ్లతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, లోపలివైపు ఉప్పు పూసినట్టు తెల్లటి పొర లేచినా చెమ్మ లోపల చిక్కుకుపోయిందేమో అని అనుమానించాలి. అలాగని ఉన్న సిమెంట్ అంతా ఒకేసారి పీకించకండి. ఆ పూత పట్టుకునే గోడ నిలబడి ఉండొచ్చు. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీర్‌కు చూపించి, కప్పుకు ఊతాలు పెట్టించి, కొంచెం కొంచెంగా తీయించండి. వానలు దగ్గరపడితే ఈ ఏడాదికి ఊతాలతో ఆపి, ఆ గది ఖాళీ చేయండి.

ఇటుకల సందుల్లో నింపడానికీ సిమెంట్ వద్దు. సందులో నింపేది ఇటుక కంటే మెత్తగా ఉండాలి. సందు గట్టిదైతే ఇటుక ముఖాలు పెచ్చులుగా ఊడిపోతాయి. సందును మళ్లీ నింపుకోవచ్చు, ఇటుకను మార్చడం కష్టం.

సిమెంట్ బదులు వాడాల్సింది సున్నం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుని నిదానంగా గట్టిపడుతుంది. కాబట్టి పలుచటి పూతలు వేయాలి, తడి గోనెలు కప్పాలి, జోరువానకు ముందు పని పెట్టుకోకూడదు. రాతిసున్నం నీళ్లలో వేస్తే సలసలా కాగుతుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండండి, ఆపై ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇక నీళ్ల సంగతి. ఏళ్ల తరబడి గోడ వెంట మట్టి పేరుకుని బయటి నేల లోపలి నేల కంటే ఎత్తయి ఉంటుంది. దాన్ని తీయించి, వాలు ఇంటికి దూరంగా పెట్టండి. పునాది కంటే లోతుకు మాత్రం తవ్వకండి. పాత పునాదులు తరచూ లోతు తక్కువ.

గోడలో దూరిన దూలం కొనలు చూడండి. మధ్యలో బాగున్న దూలం కొన దగ్గర కుళ్లిపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే తెలుస్తుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉంటే కుళ్లు పట్టే ప్రమాదం ఉన్నట్టే.

తలకు తగులుతోందని అడ్డదూలం కోయకండి. వాసాలు గోడల్ని బయటికి తోసేయకుండా ఆపేది అదే.

ధాన్యం బరువు మోసిన అటకే కదా, తట్టుకుంటుందిలే అని ఇంజనీర్‌కు చూపించకుండా బాత్రూమ్ కట్టకండి.

మట్టిగోడకు ఆనించి నీళ్ల పైపులు వేయకండి.

ప్లాస్టిక్ పెయింట్ వద్దు. వాటర్‌ప్రూఫ్ కెమికల్ వద్దు. గోడకు టైల్స్ వద్దు. ఇవన్నీ సిమెంట్ చేసే పనే చేస్తాయి.

చెమ్మ ఉన్న నేల మీద కాంక్రీట్ పోయకండి, ఆ చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది.

పాత రంగును పొడిగా గీకకండి. సీసం ఉండొచ్చు. పిల్లల్ని, గర్భిణుల్ని దూరం పెట్టండి.

పాత సిమెంట్ రేకులు కోయకండి, పగలగొట్టకండి, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

కప్పు దగ్గర గ్యాస్ టార్చ్ మంటతో పని వద్దు. 1989లో ఇంగ్లాండ్‌లోని అప్‌పార్క్ భవనం, మరమ్మతు పూర్తి కావస్తుండగా ఆ మంటతోనే కాలిపోయింది.

ఊతం లేకుండా ఏ తలుపు చట్రమూ పీకకండి.

విప్పేముందు ప్రతి భాగానికీ ఫోటో తీసి నంబరు వేయండి.

"కొంచెం సిమెంట్ కలుపుదాం, త్వరగా ఆరుతుంది" అని మేస్త్రి అంటాడు. కొంచెం కూడా వద్దు. సున్నంతో పని చేయడం వచ్చిన మేస్త్రి దొరికేదాకా గోడకు తాపీ తగలనివ్వకండి.