మిత్రదేశాల మధ్య రాజీ మాట – మూడో పాఠం: ఇద్దరూ సంతకం పెట్టే వాక్యం

కిందటి పాఠంలో రెండు దేశాల నమ్మకాలను ఒక కాగితం మీద, అవసరాలను ఇంకో కాగితం మీద రాయమన్నాను. చాలామందికి మొదటిది నిండిపోయి, రెండోదాంట్లో రెండు మూడు పంక్తులే పడి ఉంటాయి. ఫరవాలేదు, ఈసారి పనంతా ఆ పంక్తులతోనే. మొదటి కాగితం మాత్రం పారేయకండి.

ఇద్దరూ సంతకం పెట్టగలిగే వాక్యం, ఆ తర్వాత ఎవరి దేశంలో వాళ్ళు తల ఎత్తుకుని సమర్థించుకోగలిగే వాక్యం ఎలా రాయాలో ఇప్పుడు చూద్దాం. ఇద్దరి కారణమూ ఒకటే కావాలని పట్టుబట్టారా, పని ఎన్నటికీ తెమలదు.

1941 డిసెంబరు చివరి రోజులు, వాషింగ్టన్. హిట్లర్‌తో యుద్ధంలో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ఒకే పక్షాన ఉన్నాయి. ఉమ్మడి ప్రకటనకు ముసాయిదా తయారవుతోంది. అందులో మతస్వేచ్ఛ ప్రస్తావన ఉండి తీరాలని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పట్టు. చర్చిలు మూయించిన ప్రభుత్వానికి ఆయుధాలు పంపడమేమిటని అమెరికాలో చాలామంది కాథలిక్కులు అప్పటికే గొడవ చేస్తున్నారు మరి. సోవియట్ రాయబారి లిత్వినోవ్‌కేమో ఆ మాట మాస్కో చెవిన వేయడానికే జంకు. అంతరాత్మ స్వేచ్ఛ అని రాస్తే మావాళ్ళు ఒప్పుకోవచ్చేమో అన్నాడు. రెండూ ఒకటేనన్నాడు రూజ్‌వెల్ట్. ఏ దేవుణ్ణయినా కొలుచుకునే హక్కుతో పాటు, ఏ దేవుణ్ణీ కొలవకుండా ఉండే హక్కు కూడా మతస్వేచ్ఛలో భాగమేనని నచ్చజెప్పాడు. చివరికి మాస్కో సరేనంది.

ఇక్కడ కాసేపు ఆగండి. స్టాలిన్‌ని మతం మీద గౌరవం పెంచుకోమని ఎవరూ అడగలేదు. వాక్యం పరిధిని పెంచి, నాస్తికుడికి కూడా అందులో చోటిచ్చారు. పైగా సోవియట్ల 1936 రాజ్యాంగం 124వ అధికరణంలో ఆరాధనా స్వేచ్ఛ, మతవ్యతిరేక ప్రచార స్వేచ్ఛ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆచరణలో అందులో మొదటిది ఎంత దక్కిందో చెప్పనక్కర్లేదు. అయినా ముసాయిదా రాసేవాడికి అదే పట్టుకొమ్మ. అవతలివాళ్ళు ఇదివరకే తమ కాగితాల మీద ఒప్పుకున్నదేమిటో ముందు వెతకండి. కొత్తగా ఒకటి ఒప్పించడం కన్నా, పాతది గుర్తుచెయ్యడం తేలిక.

అదే ప్రకటనలో ఇంకో చిక్కు ఉంది. సోవియట్లకు అప్పుడు జపాన్‌తో యుద్ధం లేదు, పెట్టుకునే ఉద్దేశమూ లేదు. అందుకని, శత్రు కూటమిలో 'తాను ఎవరితో యుద్ధంలో ఉందో' వారి మీద ప్రతి ప్రభుత్వమూ తన సర్వశక్తులూ ప్రయోగిస్తుందని రాశారు. ఆ చిన్న ఉపవాక్యం లేకపోతే లిత్వినోవ్ కలం ముట్టుకునేవాడు కాదు. నా మటుకు నాకు ప్రకటన మొత్తంలో అన్నిటికన్నా పనితనమున్న ముక్క అదే. ఆదర్శాల పేరాలు ఎవరైనా రాస్తారు.

1942 జనవరి 1న ఆ మూడు దేశాలూ, చైనా కలిపి నాలుగు పెద్ద దేశాలు, మర్నాడు మిగతావి సంతకాలు చేశాయి. మొత్తం 26. అందులో భారత్ ఒకటి, మన తరఫున సంతకం గిరిజాశంకర్ బాజ్‌పాయ్‌ది. ఆ ప్రకటన అట్లాంటిక్ చార్టర్‌ని, అంటే 1941 ఆగస్టులో రూజ్‌వెల్ట్, బ్రిటన్ ప్రధాని చర్చిల్ కలిసి వెలువరించిన ఆశయాల పత్రాన్ని, తలకెత్తుకుంది. తమ ప్రభుత్వాన్ని తామే ఎంచుకునే హక్కు ప్రజలదని ఆ చార్టర్ చెబుతోంది. భారత్, బర్మాల విషయం ఆ మాట కిందికి రాదని చర్చిల్ అంతకు ముందు సెప్టెంబరులోనే పార్లమెంటులో తేల్చేశాడు. అయినా సంతకం పడింది! పరిధి పెంచిన వాక్యం దాచిపెట్టే అప్పు ఇలాంటిదే. అది ఎవరి నెత్తిన పడుతుందో చూడటానికే నమ్మకాల కాగితం దాచుకోమన్నాను.

ఇప్పుడు అభ్యాసం. 1945 ఫిబ్రవరి 14న సూయెజ్ కాలువ మధ్యలో ఉన్న గ్రేట్ బిట్టర్ సరస్సులో, క్విన్సీ అనే యుద్ధనౌక మీద రూజ్‌వెల్ట్, సౌదీ రాజు ఇబ్న్ సౌద్ కలిశారు. ఒకరిది ఎన్నికలతో నడిచే గణతంత్రం, ఇంకొకరిది షరియతు మీద నిలబడ్డ రాచరికం. అయినా చమురు, రక్షణ విషయాల్లో ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికుంది. పాలస్తీనా దగ్గర మాత్రం రాజు మెత్తబడలేదు. యూదులను హింసించింది జర్మన్లు కాబట్టి జర్మన్ల భూమే ఇవ్వండన్నాడు. ఏప్రిల్ 5న రూజ్‌వెల్ట్ ఆయనకు ఉత్తరం రాశాడు. ప్రభుత్వ కార్యనిర్వాహక శాఖ అధిపతి హోదాలో, అరబ్బులకు వ్యతిరేకంగా పరిణమించే చర్యేదీ తీసుకోనని అందులో హామీ. ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశాడు. 1948 మే 14న ఆయన తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్ ఇజ్రాయెల్‌ని గుర్తించాడు. ఇబ్న్ సౌద్ మండిపడ్డాడు కానీ, అమెరికన్ కంపెనీల చమురు ఒప్పందాన్ని రద్దు చెయ్యలేదు.

ఆ హామీలో హోదా గురించిన ముక్కను మళ్ళీ చదవండి. అది ఎవరిని కట్టిపడేస్తుంది, ఎవరిని వదిలేస్తుంది? తర్వాతి అధ్యక్షుడు కూడా కట్టుబడేలా, అమెరికా కాంగ్రెస్ ఎదురు తిరగకుండా, రాజు తన ఉలేమాల (మతపండితుల) ముందు చదివి వినిపించుకోగలిగేలా దాన్ని తిరగరాయండి. రెండు వాక్యాలు దాటకూడదు. కుదరడం లేదనిపిస్తే ఎవరి అభ్యంతరం దగ్గర ఆగిపోయిందో కింద ఒక పంక్తిలో రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం ఆ పంక్తితోనే మొదలుపెడదాం.