పోన్‌కిట్ ప్యాచ్ రెల్ సర్వర్లలో నిజంగా పడిందో లేదో తేల్చుకోవడం ఎలా?

లైనక్స్‌లో ఎవరికి ఏ పనికి అనుమతి ఉందో తేల్చే పోల్‌కిట్‌లోని సీవీఈ-2021-4034 అనే భద్రతా లోపానికే పోన్‌కిట్ అని పేరు. క్వాలిస్ సంస్థ దీన్ని 2022 జనవరి 25న బయటపెట్టింది. లోపం మాత్రం 2009 మేలో, వేరే యూజర్ అధికారంతో కమాండ్ నడిపే పీకేఎగ్జెక్ టూల్ మొదటి వెర్షన్‌తోనే వచ్చింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ (రెల్) 6, 7, 8 మూడూ దీని బారిన పడ్డవే. భద్రతా లోపాలు వెతికే స్కానర్ రిపోర్ట్ చూసి ఊరుకోవద్దు, ఈ విషయంలో అది రెండు వైపులా తప్పుతుంది.

ముందు లోపం సంగతి. పీకేఎగ్జెక్ సెట్‌యూఐడీ ప్రోగ్రాం, ఎవరు నడిపినా రూట్ అధికారంతోనే మొదలవుతుంది. ఆర్గ్యుమెంట్ల జాబితాలో కనీసం తన పేరైనా ఉంటుందని నమ్మి, అది లెక్కను 1 నుంచి మొదలుపెడుతుంది. జాబితా ఖాళీగా ఇస్తే హద్దు దాటి, మెమరీలో ఆ వెంటనే ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని చదువుతుంది, అక్కడే రాస్తుంది కూడా. జీకాన్వ్_పాత్ (లైబ్రరీలు ఎక్కడి నుంచి లోడ్ చేయాలో చెప్పేది) లాంటి ప్రమాదకరమైన వేరియబుల్స్‌ని లోడర్ ముందే తీసిపారేస్తుంది. ఈ సందులోంచి అవి మళ్లీ లోపలికొస్తాయి, దాడి చేసేవాడి లైబ్రరీ రూట్‌గా నడుస్తుంది. పోల్‌కిట్‌డీ సర్వీస్ ఆపేసినా లాభం లేదు, అది నడవకపోయినా దాడి పనిచేస్తుంది. బయటి నుంచి నేరుగా కుదరదు, లోపల ఒక అకౌంట్ కావాలి. వెబ్ అప్లికేషన్‌లోని వేరే లోపంతో అపాచీ యూజర్‌గా షెల్ దొరికినా అంతే చాలు.

ఇక తనిఖీ. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీని చూపే ఆర్‌పీఎం -క్యూ పోల్‌కిట్ అని కొడితే వచ్చే వెర్షన్ నంబర్ కంటే, దాని తర్వాతి రిలీజ్ నంబర్ ముఖ్యం. రెల్ 8లో 0.115-13.ఈఎల్8_5.1, రెల్ 7లో 0.112-26.ఈఎల్7_9.1 లేదా అంతకంటే కొత్తది ఉండాలి. రెడ్ హ్యాట్ పాత వెర్షన్‌లోకే సవరణను తెచ్చి కలుపుతుంది. వెర్షన్ మాత్రమే పోల్చే స్కానర్లు 0.115ని చూసి ఉత్తుత్తి అలారం మోగించేది అందుకే. అనుమానముంటే ఆర్‌పీఎం -క్యూ --చేంజ్‌లాగ్ పోల్‌కిట్ ఔట్‌పుట్‌లో 2021-4034 కోసం గ్రెప్ చేయండి. ఫైల్ పర్మిషన్లలో ఎస్ అక్షరం కనిపించిందని కంగారొద్దు, సరిచేసిన పీకేఎగ్జెక్ కూడా 4755తోనే ఉంటుంది.

అప్‌డేట్‌కి యమ్ అప్‌డేట్ పోల్‌కిట్ చాలు. రీబూట్ అక్కర్లేదు, లోపం ఉన్నది పీకేఎగ్జెక్ బైనరీలో, అది పిలిచిన ప్రతిసారీ డిస్క్ నుంచి కొత్తగా లోడవుతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, స్కానర్ రెండో వైపు తప్పేదీ ఇక్కడే. ప్యాకేజీ డేటాబేస్‌కి తెలియని పాత కాపీలు క్రూట్ డైరెక్టరీల్లో (ప్రోగ్రాంలకి విడి రూట్‌లా చూపే డైరెక్టరీలు), కంటైనర్ ఇమేజుల్లో, మౌంట్ చేసి వదిలేసిన స్నాప్‌షాట్లలో ఉండిపోతాయి. ఫైండ్ / -ఎక్స్‌డెవ్ -నేమ్ పీకేఎగ్జెక్ -పెర్మ్ -4000 అని వెతకండి. -ఎక్స్‌డెవ్ పెడితే రూట్ ఫైల్‌సిస్టమ్ దాటి వెళ్లదు కాబట్టి, విడి పార్టిషన్లు ఎన్ని ఉంటే అన్నిసార్లూ, / బదులు ఆ పార్టిషన్ దారి ఇచ్చి నడపాలి. అది తీసేస్తే మాత్రం ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్లన్నీ తిరిగొచ్చేదాకా కూర్చోవాలి. నోసూయిడ్‌తో (సెట్‌యూఐడీ బిట్‌ని పట్టించుకోని ఆప్షన్) మౌంట్ చేసినచోట కాపీ ఉన్నా ఆ మెషీన్‌కి ఈ దారిన ప్రమాదం లేదు.

ప్యాచ్ వేసే వీల్లేని మెషీన్లుంటాయి. సెంటోస్ 6కి సవరణే రాలేదు, రెల్ 6కి పొడిగింపు సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లకే వచ్చింది. అక్కడ చ్‌మాడ్ 0755 /యూఎస్‌ఆర్/బిన్/పీకేఎగ్జెక్ కొట్టి సెట్‌యూఐడీ బిట్ తీసేయండి. పీకేఎగ్జెక్ మీద ఆధారపడ్డ గ్రాఫికల్ టూల్స్ ఆగిపోతాయి, డెస్క్‌టాప్ లేని సర్వర్లో తేడా దాదాపు తెలియదు. అదే ప్యాకేజీలో వచ్చే పోల్‌కిట్-ఏజెంట్-హెల్పర్-1 జోలికి వెళ్లొద్దు. అదీ సెట్‌యూఐడీదే, కానీ ఈ లోపం దానిది కాదు. దాని బిట్ తీస్తే రెల్ 7, 8లో మామూలు యూజర్ సిస్టమ్‌సీటీఎల్ నడిపినప్పుడు అడిగే పాస్‌వర్డ్ ఎంత సరిగా కొట్టినా చెల్లదు. ఇంకో చిక్కు: ఎవరైనా ఆర్‌పీఎం --సెట్‌పెర్మ్స్ పోల్‌కిట్ నడిపినా, పాత ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేసినా బిట్ చప్పుడు లేకుండా తిరిగొస్తుంది. రోజూ క్రాన్‌లో ఆర్‌పీఎం -వీ పోల్‌కిట్ పెట్టండి, వీ పెద్ద అక్షరం. పీకేఎగ్జెక్ వరసలో ఎం (పర్మిషన్లు మారాయనే గుర్తు) కనిపిస్తున్నంతకాలం మీ మార్పు నిలిచినట్టే.

రెడ్ హ్యాట్ సూచించిన సిస్టమ్‌ట్యాప్ (నడుస్తున్న కెర్నెల్‌కి మాడ్యూల్ తగిలించే టూల్) స్క్రిప్ట్ కూడా దాడిని ఆపుతుంది. కానీ రీబూట్ అయితే మాడ్యూల్ పోతుంది, మళ్లీ ఎక్కించాలి. చ్‌మాడే నయం.

ఇప్పటికే ఎవరైనా వాడేశారా? /వార్/లాగ్/సెక్యూర్‌లో పీకేఎగ్జెక్ పేరుతో, షెల్ వేరియబుల్ విలువ /ఈటీసీ/షెల్స్‌లో లేదనే సందేశం ఉంటే అనుమానించాల్సిందే. లేకపోతే నిశ్చింత అనుకోవద్దు, జాడ వదలకుండా చేసే పద్ధతీ ఉంది. బహిరంగంగా తిరిగిన ఎక్స్‌ప్లాయిట్లలో చాలావరకు జీకాన్వ్_పాత్=. అనే వింత పేరుతో ఒక డైరెక్టరీ సృష్టిస్తాయి. /టీఎంపీ, హోం డైరెక్టరీల్లో ఆ పేరు కోసం చూడండి. దొరికితే ఆ మెషీన్‌కి ప్యాచ్ వేసి వాడుకోవడం కుదరదు. నెట్‌వర్క్ నుంచి విడదీసి, డిస్క్ ఇమేజ్ తీసుకుని, కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. అందులో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు ఇంకెక్కడ వాడుతున్నారో చూసి అవన్నీ మార్చండి.