ముందు షాకప్స్‌కి స్ప్రింగ్‌లు మార్చాలా? ముందు టేపు కొనండి

చాలామంది చేసే తప్పే నేనూ చేశా. నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, నా బరువు 86 కేజీలు, జాకెట్టు హెల్మెట్టు బూట్లు అన్నీ వేస్కుంటే 95 దాకా పోద్ది. గతుకుల్లో హ్యాండిల్ అరచేతుల్ని గుద్దుతుంటే షాకప్స్ గట్టిగా ఉన్నాయి, మెత్తటి స్ప్రింగ్‌లు వెయ్యాలి అనుకుని వారం రోజులు వెతికా. తీరా టేపు పెట్టి కొలిస్తే కథ రివర్స్, ఉన్న స్ప్రింగ్‌లే నా బరువుకి మరీ మెత్తన. నేను ఎక్కి కూర్చోగానే సగానికి దగ్గరగా దిగిపోతున్నాయి, ఇక మిగిలిన కాస్త దూరంలో లోపలి గాలి నొక్కుకుపోయి రాయిలా అయి ఆ దెబ్బే చేతులకి తగులుతోంది. అందుకే గట్టిగా ఉందా మెత్తగా ఉందా అనేది చేతుల్ని అడక్కండి, టేపుని అడగండి.

కొలిచేదాన్ని సాగ్ అంటారు, అంటే బరువు పడినప్పుడు ఫోర్క్, అదే ముందు షాకప్స్, ఎంత దిగింది అని. మెయిన్ స్టాండ్ వేసి వెనక ఒకర్ని కూర్చోబెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తది. అప్పుడు డస్ట్ సీల్ (రాడ్ లోపలికి దిగేచోట ఉండే రబ్బరు రింగు) పైనుంచి కింది క్లాంప్ (పైన రాడ్లని పట్టుకునే బిగింపుల్లో కిందది) దాకా కనపడే రాడ్ కొలవండి. నాది 138 ఎంఎం వచ్చింది. తర్వాత బండి దించి రైడింగ్ గేర్, అంటే జాకెట్టు హెల్మెట్టు బూట్లు మొత్తం వేస్కుని కూర్చోండి, వెనకనుంచి ఒకరు బండి నిలబెట్టి పట్టుకోవాలి, ఇంకొకరు హ్యాండిల్ కిందికి నొక్కి మెల్లిగా వదిలి ఒకసారి, పైకి లాగి మెల్లిగా వదిలి ఒకసారి కొలవాలి. నాకు 88, 96 వచ్చాయి. సగటు 92, దాన్ని 138లోంచి తీసేస్తే 46. ఈ బండికి ముందు ట్రావెల్, అంటే ఫోర్క్ దిగగలిగే దూరం, మొత్తం 110 ఎంఎం, రోడ్డు మీద తిరిగే బండికి అందులో 30 శాతం అటూ ఇటూగా, అంటే 30 నుంచి 35 ఎంఎం సాగ్ ఉంటే బాగుంటది. నాది 46, అర్థమైందిగా.

అన్నట్టు ఆ 88కీ 96కీ మధ్య తేడా రాపిడి వల్ల వచ్చింది. అది మరీ ఎక్కువుంటే స్ప్రింగ్ సంగతి పక్కన పెట్టి రాడ్లు వంగాయేమో, యాక్సిల్ (చక్రం ఇరుసు) సరిగ్గా కూర్చోకుండా బిగించారేమో చూపించండి. ఫోర్క్ ఆయిల్ మార్చి ఏళ్లు అయిపోయినా అంతే, ముందు అది మార్చి ఒక వారం నడపండి. కొందరికి అక్కడితోనే సరిపోద్ది, డబ్బులు మిగులుతాయి.

ఇక్కడ మెకానిక్ ఒక మాటంటాడు, "స్ప్రింగ్ ఎందుకన్నా, పైన చిన్న పైపు ముక్క వేసి టైట్ చేద్దాం" అని. అది ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి పెట్టడం. దాంతో బండి ఎత్తు లేస్తది, సాగ్ తగ్గుద్ది, కానీ స్ప్రింగ్ గట్టిదనం ఒక్క పిసరు కూడా మారదు. తెలుసుకోవడం తేలికే, మీరు కూర్చున్నప్పుడు సాగ్ 33 వచ్చేలా సెట్ చేసి, దిగిపోయి బండి ఒక్కదాని సాగ్ చూడండి. అది 15 నుంచి 25 మధ్య ఉంటే స్ప్రింగ్ సరైందే, పైపు ముక్క చాలు. నాలుగైదు ఎంఎం కూడా లేకపోతే స్ప్రింగ్ మీకు మెత్తన, 30 దాకా ఉంటే గట్టిది.

సరే, కొనాల్సిందే అని తేలింది. స్ప్రింగ్ మీద కేజీ పర్ ఎంఎం అనో న్యూటన్ పర్ ఎంఎం అనో రేటు ఉంటది (ధర కాదు, ఒక ఎంఎం నొక్కడానికి ఎంత బరువు కావాలి అని), ఒక కేజీ అంటే 9.81 న్యూటన్లు. 0.90 కేజీ స్ప్రింగ్‌లు రెండు కలిస్తే 1.8, అంటే ముందు పడే ప్రతి 18 కేజీలకి ఫోర్క్ 10 ఎంఎం దిగుద్ది. ఒక సైజుకీ పై సైజుకీ మామూలుగా 0.05 తేడా ఉంటది, సాగ్‌లో అది రెండు మూడు ఎంఎం మించదు కాబట్టి రెండు సైజుల మధ్య పడితే బుర్ర పాడు చేస్కోకండి. అమ్మేవాళ్లకి గేర్‌తో కలిపిన బరువు చెప్పండి, ఒట్టి బరువు కాదు. నా రేటు ఎంతో చెప్పినా మీకు పనికిరాదు. వెనక కూర్చునే మనిషిని ఇందులో పెద్దగా లెక్కెయ్యొద్దు, ఆ బరువు ఎక్కువ వెనక షాకప్స్ మీదే పడుద్ది, అక్కడ ప్రీలోడ్ పెంచుకోవాలి.

రేటు రాయని స్ప్రింగ్ మాత్రం ఎంత చవకైనా వద్దు. నేను మొదటిసారి తొందరపడి ఒక షాపులో "హెవీ డ్యూటీ" అని ఒక్క ముక్క రాసున్న డబ్బా తెచ్చా. సాగ్ 18 వచ్చింది. ఫ్లైఓవర్ జాయింట్ల మీద పళ్లు కదిలాయి, సగం ధరకి అమ్మేశా.

లీనియరా ప్రోగ్రెసివా అనే గొడవ ఒకటుంది. లీనియర్ మొదట్నుంచి చివరిదాకా ఒకే రేటు, ప్రోగ్రెసివ్ మొదట మెత్తగా ఉండి దిగేకొద్దీ గట్టిపడుద్ది, దాంట్లో కొన్ని చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. హైపర్‌ప్రో అనే కంపెనీ వాళ్లవి ప్రోగ్రెసివ్. ఒకరోజు ఒంటరిగా, ఒకరోజు ఇద్దరూ సామాన్లతో వెళ్లేవాళ్లకి అవి నప్పుతాయి. నాకైతే లీనియరే ఇష్టం, దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ వైపు దిగేటప్పుడు మలుపులో బ్రేక్ పట్టుకుంటే బండి ముక్కు ఎంత దిగుద్దో ముందే తెలుస్తది.

బిగించేటప్పుడు ఇంజిన్ కింద జాకీ పెట్టి ఫోర్క్ ఒక్కో కాలు విడిగా చెయ్యండి, వాటి పైనుండే రెండు మూతలూ ఒకేసారి తీస్తే బండి ముందుకి కూలబడుద్ది. మూత తిప్పే ముందు పై క్లాంప్ బోల్టు లూజ్ చెయ్యాలి, చివరి చుట్లలో గుడ్డ వేసి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి, లేకపోతే ఎగిరి మొహానికి తగుల్తది. కొత్త స్ప్రింగ్ పొడవు పాతదానికంటే తేడా ఉంటే ఆ తేడా పైపు ముక్కలో సర్దండి, పైపు రెండు చివర్లూ నిటారుగా కోసి వాషర్ పెట్టాలి. ఆయిల్ లెవెల్ మాత్రం స్ప్రింగ్ బయటకి తీసి, ఫోర్క్ పూర్తిగా కిందికి నొక్కి, ట్యూబ్ అంచు నుంచి కొలవాలి, ఎంత ఉండాలనే అంకె స్ప్రింగ్‌లతో వచ్చే కాగితంలో ఉంటది. గట్టి స్ప్రింగ్ వెనక్కి కొట్టే జోరు కూడా ఎక్కువే, స్పీడ్ బ్రేకర్ దాటాక ముందు భాగం రెండు మూడు సార్లు ఊగితే 10 నంబర్ ఫోర్క్ ఆయిల్ తీసి ఇంకాస్త చిక్కటి 15 పోయించండి, అదీ అదే కంపెనీది, ఎందుకంటే ఒకరి 10 ఇంకొకరి 10 ఒకేలా ఉండవు.

చివర్లో రాడ్‌కి ఒక జిప్ టై కట్టి డస్ట్ సీల్‌కి ఆనించండి, రోజూ తిరిగే రోడ్డులోనే తిరిగి రండి. పెద్ద గుంత, గట్టి బ్రేక్ రెండూ పడ్డాక కూడా జిప్ టై జరిగిన దూరాన్ని మొత్తం ట్రావెల్‌లోంచి తీసేస్తే 10, 15 ఎంఎం మిగిలితే కుదిరినట్టే. పాత స్ప్రింగ్‌లు పారెయ్యకండి, ఆయిల్ రాసి కాగితంలో చుట్టి దాచండి, బండి అమ్మేటప్పుడు కొనేవాడు 60 కేజీల మనిషి అయితే అవే వెయ్యాలి.