కొలెస్ట్రాల్ మాత్ర ఆపేముందు స్ట్రిప్ వెనక చదవండి

కుటుంబ గ్రూపుల్లో మళ్ళీ ఒక వీడియో తిరుగుతోంది. కొలెస్ట్రాల్ మాత్రలతో షుగర్ వస్తుందట, మతిమరుపు వస్తుందట, కండరాలు కరిగిపోతాయట. పైగా "అమెరికా ఎఫ్‌డీఏనే లేబుల్ మీద రాసింది" అట. ఎఫ్‌డీఏ అంటే అక్కడ మందుల్ని అనుమతించే ప్రభుత్వ సంస్థ, లేబుల్ అంటే మందు వివరాలన్నీ రాసిన కాగితం. చిక్కేమిటంటే ఇందులో కొంత నిజం. షుగర్, జ్ఞాపకశక్తి, కండరాల ప్రస్తావన లేబుల్‌లో ఉంది. ఎంతమందికి, దేనితో పోలిస్తే అన్నది మాత్రం వీడియోలో ఉండదు. ఇలాంటిది తిరిగినప్పుడల్లా మా మందుల షాపుకి నెలనెలా వచ్చేవాళ్ళలో కొందరు రావడం మానేస్తారు.

లేబుల్ చదవడం ఎలాగో తర్వాత చెబుతాను. ముందు మనుషుల్ని నిజంగా ముంచుతున్న తప్పు ఒకటుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్ళు "కొలెస్ట్రాల్ బిళ్ళ" అనుకునేది చాలాసార్లు ఒక్క మందు కాదు. స్టాటిన్లు అనే రకం కొలెస్ట్రాల్ మందులైన రోసువాస్టాటిన్‌లోనో అటార్వాస్టాటిన్‌లోనో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన క్యాప్సూళ్ళు మన దేశంలో మామూలే. పైన కంపెనీ పేరు ఒకటి, లోపల మూడు మందులు. కొలెస్ట్రాల్ మందు మానేస్తున్నాననుకుని ఆ స్ట్రిప్ పక్కన పడేస్తే, రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మందులూ అదే రోజు ఆగిపోతాయి. కొత్త స్టెంట్‌లో గడ్డ కడితే అది గుండెపోటే. మాకు తెలిసిన ఒకాయన ఇలాగే ఆపి, కొద్ది వారాల్లోనే మళ్ళీ స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన చూసిన వీడియోలో క్లోపిడోగ్రెల్ ఊసే లేదు.

అందుకని స్ట్రిప్ తిప్పి, "ఈచ్ క్యాప్సూల్ కంటెయిన్స్" అనే చోట నుంచి చిన్న అక్షరాలు చదవండి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. నాలుగు మాత్రలు కత్తిరించి తెచ్చుకుంటే ఆ ముక్క మీద సగం పేర్లే ఉంటాయి. పూర్తి స్ట్రిప్ అడగండి.

ఇంకో సంగతి. కొలెస్ట్రాల్ పెరిగితే నొప్పి పుట్టదు. ఆపినవాళ్ళకి నెలైనా ఏమీ అనిపించదు, "ఆపాకే హాయిగా ఉంది" అంటారు. ఆ హాయిని రుజువుగా తీసుకోవద్దు.

ఇప్పుడు లేబుల్. మన దగ్గర స్ట్రిప్‌తో పాటు మడతపెట్టిన కాగితం చాలాసార్లు రాదు. అమెరికా ప్రభుత్వం నడిపే డెయిలీమెడ్ సైట్‌లో అక్కడి లేబుళ్ళు ఉచితంగా చదవొచ్చు. కంపెనీ పేరుతో కాదు, మందు పేరుతో వెతకండి. లేబుల్ ఎప్పుడు సవరించారో కూడా చూడండి. స్టాటిన్లు వాడుతుంటే అందరికీ పదేపదే లివర్ టెస్టులు అవసరమన్న మాటను 2012లోనే తీసేశారు. దాని పాత స్క్రీన్‌షాట్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

దుష్ఫలితాల పట్టికలో అందరూ ఒక్క వరసే చదువుతారు. పక్కన మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ వరస ఉంటుంది. అటార్వాస్టాటిన్ లేబుల్‌లో కండరాల నొప్పి మందు వాడినవాళ్ళలో 3.5 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 3.1 శాతం. రోసువాస్టాటిన్ మీద జరిగిన ఒక పెద్ద ట్రయల్‌లో కొత్తగా షుగర్ వచ్చింది మందు వాడినవాళ్ళలో 2.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వైపు 2.3. షుగర్ భయం అబద్ధం కాదు, అలాగని వీడియోలో చెప్పినంతా కాదు. మతిమరుపు విషయంలో, అరుదుగా వచ్చిన ఫిర్యాదులనీ, సాధారణంగా తీవ్రమైనవి కావనీ, మందు ఆపితే తగ్గాయనీ రాసి ఉంటుంది.

పొగిడేవాళ్ళ మాటనీ ఇలాగే చూడండి. "గుండెపోటు 36 శాతం తగ్గుతుంది" అన్న ప్రచారం అటార్వాస్టాటిన్ ట్రయల్ నుంచి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 3 శాతం ఉన్నది మందు వాడినవాళ్ళలో 1.9 అయింది, అదే ఆ 36. ఆ ట్రయల్‌లో పాల్గొన్నది బీపీతో పాటు ఇతర రిస్కులూ ఉన్నవాళ్ళు. ఇదివరకే గుండెపోటు వచ్చినవాళ్ళ లెక్క వేరు.

ఒక స్టాటిన్ మీద వచ్చిన వార్తని ఇంకోదానికి అంటగట్టకండి. 2001లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది సెరివాస్టాటిన్. 2011లో ఎఫ్‌డీఏ ఆంక్షలు పెట్టింది సిమ్వాస్టాటిన్ 80 ఎంజీ మీద.

రోసువాస్టాటిన్ ఆసియా వాళ్ళ రక్తంలో దాదాపు రెట్టింపు చేరుతుంది, అందుకే 5 ఎంజీతో మొదలుపెట్టమని అమెరికా లేబుల్ చెబుతుంది. అక్కడ ఉంటున్న మనవాళ్ళు డాక్టర్‌ని ఇది అడగాలి.

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్ తాగేవాళ్ళు ముందు రోసువాస్టాటిన్ వేసుకుని, 2 గంటలు ఆగి తాగాలి. కలిపి తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు.

గొంతు నొప్పికి క్లారిత్రోమైసిన్ రాస్తే కొలెస్ట్రాల్ మాత్ర సంగతి చెప్పండి. సిమ్వాస్టాటిన్‌తో అది కలవకూడదు. అటార్వాస్టాటిన్ అయితే 20 ఎంజీ దాటకూడదు.

బీపీకి అమ్లోడిపిన్ వాడుతుంటే సిమ్వాస్టాటిన్ కూడా 20 దాటకూడదు.

"సహజం" అని రెడ్ ఈస్ట్ రైస్ (ఎర్రగా పులియబెట్టిన బియ్యం) క్యాప్సూళ్ళు తోడు చేయకండి. అందులో ఉండే మొనాకోలిన్ కె, లోవాస్టాటిన్ అనే స్టాటిన్ ఒకటే.

మరచిన మాత్రకి రెండు కలిపి వేసుకోకండి.

గర్భం అని తెలిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

కండరాలు నొప్పిగా, నీరసంగా ఉండి మూత్రం ముదురు రంగులో వస్తే, కళ్ళు పచ్చబడితే, వీడియోలూ లేబుళ్ళూ పక్కన పెట్టండి. అదే రోజు స్ట్రిప్ పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

మందు పడలేదనిపిస్తే గ్రూపులో కాదు, 1800-180-3024కి చెప్పండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ప్రభుత్వ నంబరు అది.

చదవకుండా స్ట్రిప్ ఆపకండి. చదివాక కూడా మీ అంతట మీరు ఆపకండి. డాక్టరే స్టాటిన్ ఆపమంటే, "ఈ క్యాప్సూల్‌లో మిగతా రెండూ మరి?" అని అడగండి. వాటిని విడిగా రాయించుకుని, కొత్త మాత్రలు ఇంటికి వచ్చాకే పాతది మానండి.