బడిలో మూడు నిమిషాల సినిమా: రెండు రోజుల వర్క్‌షాప్‌

ఇరవై నాలుగు మంది పిల్లలుంటే ఆరుగురి చొప్పున నాలుగు జట్లు చేయండి. జట్టుకు రెండు ఫోన్లు కావాలి, ఒకటి బొమ్మకు, ఒకటి మాటకు. డైరెక్షన్, కెమెరా, సౌండ్, క్లాప్ కొట్టి షాట్ల చిట్టా రాయడం తలా ఒకరికి, మిగతా ఇద్దరూ నటులు. టీచర్లు కెమెరా ముట్టుకోకూడదు. ముట్టుకున్నారంటే అది టీచర్ సినిమా అయిపోతుంది, పిల్లలు వరసగా నిలబడి చూస్తుంటారు.

మొదటి రోజు ఉదయమంతా కథకే. అడగ్గానే పిల్లలు చెప్పేది తాగుబోతు తండ్రి, పేదరికం, చివర్లో ఓ నీతి. మూడు నిమిషాల్లో అంత పట్టదు. ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఒకరికి అర్జెంటుగా కావలసిన ఒక వస్తువు, ఇంతే చాలు. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కావాలి, ఆయన బస్సుకు బయల్దేరుతున్నాడు, ఇలా. కథను పది వాక్యాల్లో రాయించి, ‘అనుకున్నాడు’, ‘గుర్తుకొచ్చింది’ అన్న మాటలున్న వాక్యాలన్నీ కొట్టేయించండి. కెమెరాకు అవి కనిపించవు. వాటి బదులు ఆ మనిషి చేతులతో ఏం చేశాడో రాయాలి.

మధ్యాహ్నం ఆ పది వాక్యాలను పద్దెనిమిది షాట్లుగా విడగొట్టండి. షాటుకు సగటున పది సెకన్లు వేసుకుంటే మూడు నిమిషాలు. సర్దుకోవడం, మూడు టేకులు కలిపి షాటుకు పది నిమిషాలు పట్టినా మూడు గంటల్లో షూటింగ్ అయిపోతుంది. ముప్ఫై షాట్లు రాసుకున్న జట్టు క్లైమాక్స్ తీయకుండానే ఇంటికెళ్తుంది.

రెండో రోజు పొద్దున్నే మొదలుపెట్టండి. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. ఫోన్‌లో ఖాళీ జాగా చూసుకుని, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి, ఫోన్ అడ్డంగా తిప్పి, వీడియో సెట్టింగ్స్‌లో 1080పీ నాణ్యత ఎంచుకుని తీయండి. తెరమీద నటుడి ముఖం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. లాక్ చేయకపోతే తెల్ల యూనిఫాం ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ ముఖాలు నల్లబడతాయి. జూమ్ వాడకండి, నాలుగడుగులు ముందుకు నడవండి.

ట్యూబ్‌లైట్ కింద తెరమీద చారలు కదులుతుంటే తప్పు ఫోన్‌ది కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు లైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. కెమెరా యాప్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్ స్పీడును సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. లేకపోతే లైటు ఆర్పి నటుణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి, అవతలి చెంప వైపు తెల్ల థర్మకోల్ షీటు పట్టించండి.

ఇద్దరు మాట్లాడుకునే సీనైతే ఒకరి కాళ్ల దగ్గర్నుంచి ఇంకొకరి కాళ్ల దాకా నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. కెమెరా ఆ గీతకు ఒకే పక్కన ఉండాలి. దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు వస్తుంది. ‘యాక్షన్’ ముందు మూడు, ‘కట్’ ముందు మూడు అంకెలు మనసులో లెక్కపెట్టమనండి. ఎడిటింగ్‌లో కత్తిరించడానికి ఆ చోటు కావాలి.

బడి సినిమాలు ఎక్కువగా చెడేది సౌండ్ దగ్గరే. కెమెరా ఫోన్ దూరంగా ఉంటుంది, మాట కంటే ఫ్యాను చప్పుడే బాగా వినిపిస్తుంది. రెండో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి కర్రకు కట్టి, దాని మైకు నోటికి మూరెడు దూరంలో, ఫ్రేముకు కాస్త పైన పట్టించండి. జేబులో పెడితే బట్టల రాపిడి వినిపిస్తుంది. ఫ్యాన్లు ఆపండి, ఇంటర్వెల్ బెల్లు, అన్నం గిన్నెల చప్పుడు ఎప్పుడో ముందే రాసుకోండి. ప్రతి టేకు మొదట్లో కెమెరాకు కనిపించేలా ఒక్కసారి చప్పట్లు కొడితే, ఆ చప్పుడు దగ్గర రెండు రికార్డింగులనూ కలిపేయొచ్చు. చోటు మారేముందు అందర్నీ నోరు మూసుకోమని ముప్ఫై సెకన్ల నిశ్శబ్దం కూడా రికార్డు చేయండి. మాటల మధ్య అతకడానికి అది లేకపోతే ప్రతి కట్ దగ్గరా సౌండ్ టక్కున తెగుతుంది.

ఫైళ్లను కేబుల్‌తోనే కంప్యూటర్లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది. ఎడిటింగ్‌కు షాట్‌కట్, కెడెన్‌లైవ్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితం, వీడియో మీద వాటి పేరుతో వాటర్‌మార్క్ పడదు. మొదట్లో కలిసిన మాట పోనుపోను పెదాలకు తప్పుతుంటే, చాలాసార్లు ఫోన్ ఫ్రేమ్‌రేటు (సెకనుకు తీసే బొమ్మల సంఖ్య) నిలకడగా లేకపోవడమే కారణం. వీడియోలను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేమ్‌రేటుకు మార్చి మళ్లీ పెట్టండి. టైటిల్స్‌లో ఒత్తులు విడిపోతే యూనికోడ్ తెలుగు ఫాంటు ఎంచుకోండి, అప్పటికీ కుదరకపోతే పిల్లల చేతే బోర్డు మీద రాయించి ఆ బోర్డునే షూట్ చేయండి. నిజానికి అదే బాగుంటుంది.

సంగీతం లేకుండా ఒకసారి పూర్తిగా చూడండి. అప్పుడు కథ అర్థం కాకపోతే పాట పెట్టినా అర్థం కాదు. సినిమా పాటలు వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. బెంచీ మీద పిల్లలు వేసే దరువు వాడుకోండి. నటించిన పిల్లల తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వక అనుమతి లేకుండా మాత్రం ఎక్కడా అప్‌లోడ్ చేయకండి. ఆ కాగితం మీద సంతకాలు షూటింగుకు ముందు రోజే చేయించుకోవాలి.