త్రీడీ మోడలింగ్ నేర్చుకుందాం – 5వ భాగం: చెంబుకి నునుపు, చెంబుకి మందం

పోయినసారి బ్లెండర్‌లో (త్రీడీ ఆకారాలు చేసే సాఫ్ట్‌వేర్) బల్ల, కుర్చీ చేశాం. అన్నీ మూలలే కాబట్టి పని తొందరగా తెమిలింది. ఈసారి మరచెంబు చేద్దాం. వెనకటికి రైలు ప్రయాణాల్లో నీళ్లు పట్టుకెళ్లిన, మర మూత ఉన్న ఇత్తడి చెంబు. ఈ భాగంలో ఒళ్లు, వచ్చే భాగంలో మర.

ముందు కొలతల సంగతి చూద్దాం. సీన్ ప్రాపర్టీస్‌లో యూనిట్ స్కేల్ 0.001, లెంగ్త్ మిల్లీమీటర్లు పెట్టుకోండి. త్రీడీ ప్రింటింగ్‌కి ఆకారాన్ని పంపే ఎస్‌టీఎల్ ఫైల్‌లో అంకెలే ఉంటాయి, అవి మీటర్లా మిల్లీమీటర్లా అన్నది ఉండదు. స్లైసర్ (ఆకారాన్ని ప్రింటర్ కోసం పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) మాత్రం మామూలుగా మిల్లీమీటర్లే అనుకుంటుంది. మీరు ఒక మీటరు అనుకుని చేసింది అక్కడ ఆవగింజంత వస్తుంది.

షిఫ్ట్+ఏ నొక్కి సిలిండర్ తీసుకోండి. కింద ఎడమవైపు వచ్చే పెట్టెలో వెర్టెక్సులు (మూల బిందువులు) 32 ఉంటాయి, వాటిని 8 చేయండి. రేడియస్ 30, ఎత్తు 90, క్యాప్ (పైనా కిందా మూత) వద్దు. ఎనిమిది పలకల గొట్టం చూసి నవ్వొస్తుంది, రానివ్వండి. ట్యాబ్ నొక్కి ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి, కంట్రోల్+ఆర్‌తో అడ్డంగా నాలుగు లూప్‌లు (చుట్టూ తిరిగే గీతలు) వేయండి. ఒక్కో లూప్‌నీ ఆల్ట్ పట్టి క్లిక్ చేసి, ఎస్ నొక్కి అంకె కొట్టండి. కింద నుంచి పైకి: అడుగు 0.9, తర్వాత 1.4, పొట్ట 1.5, భుజం 1.2, మెడ 0.85. మూతి అలాగే ఉండనివ్వండి. అడుగు అంచుని ఎంచుకుని ఫేస్ మెనూలో గ్రిడ్ ఫిల్ ఇస్తే నాలుగు పలకలతో మూసుకుంటుంది. మొత్తం 44 ఫేస్‌లు (పలకలు), అన్నీ నాలుగు మూలలవే.

ఇప్పుడు ఆబ్జెక్ట్ మోడ్‌కి వచ్చి కంట్రోల్+2 కొట్టండి. పలకల గొట్టం కాస్తా చెంబైపోతుంది! ఎన్నిసార్లు చూసినా నాకు ఈ క్షణం ముచ్చటగానే ఉంటుంది.

ఇది సబ్‌డివిజన్ సర్ఫేస్ అనే మోడిఫయర్ (అసలు ఆకారాన్ని చెరపకుండా దాని పైన పనిచేసే సదుపాయం). ప్రతి నాలుగు మూలల పలకనీ నాలుగుగా కోసి, మూలలని పక్కవాటి సగటు వైపు లాగుతుంది. 44 ఫేస్‌లు ఒకసారికి 176, రెండోసారికి 704 అవుతాయి. ఈ లెక్కని 1978లో ఎడ్విన్ కాట్మల్, జిమ్ క్లార్క్ ప్రచురించారు. యానిమేషన్ పాత్రల్లోకి అది గట్టిగా వచ్చింది 1997లో పిక్సార్ తీసిన ‘గెరీస్ గేమ్’ అనే పొట్టి చిత్రంతో. అందులో ముసలాయన తల, చేతులు, కోటు ఈ పద్ధతిలో చేసినవే. యానిమేటర్‌కి దీంతో దక్కే సుఖం ఏమిటంటే, కదిలించాల్సింది కొద్దిపాటి పలకలనే. నునుపు దానంతటదే వెనకాల వస్తుంది. చెంబుని నవ్వించాలన్నా, వంచాలన్నా ఆ 44తోనే పని.

అడుగు గుండ్రంగా తిరిగిపోయింది కదా? అడుగుకి ఆనుకుని ఇంకో లూప్ కట్ వేయండి. అంచు బిగుసుకుంటుంది. ఫేస్‌లు 52 అవుతాయి, ఫర్వాలేదు.

యానిమేషన్‌కే అయితే ఇక్కడితో ఆపేయొచ్చు. చేత్తో పట్టుకునే చెంబు కావాలంటే అసలు పని ఇప్పుడే మొదలు.

సగటు వైపు లాగుతుందన్నాను కదా, లాగితే కుంచించుకుపోతుంది. ఎనిమిది మూలల వలయం నునుపయ్యాక వ్యాసంలో దాదాపు 90 శాతమే మిగులుతుంది. మీరు 60 మిల్లీమీటర్లు అనుకున్న మూతి నిజానికి 54. ఇది తెలియక నేను మొదటి చెంబుకి 60 లెక్కన మూత కూడా ప్రింట్ తీయించాను. చంటిపిల్లాడికి తాతగారి టోపీ పెట్టినట్టు కూర్చుంది. స్క్రీన్ మీద రెండూ పక్కపక్కన పెట్టి చూశాను గానీ, ఒకదానిలో ఒకటి పెట్టి కొలవలేదు. మందు సులువే: మూతి లూప్‌ని ఎస్ 1.11 చేయండి. నునుపయ్యాక 60 దగ్గరికి వస్తుంది. మెజర్ టూల్‌తో సరిచూసుకోండి.

రెండోది మందం. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ చేసిన టీపాట్ ఈ రంగంలో అందరికీ తెలిసిన ఆకారం. మొదట్లో దానికి అడుగే లేదు! ఎవరూ టీ పోసుకోరు కాబట్టి గొడవా లేదు. మన చెంబుకి అడుగైతే ఉంది గానీ గోడ లేదు, ఉన్నది మందం లేని పొర. కంచరి చేతిలోకి వచ్చేటప్పటికే రేకుకి మందం ఉంటుంది, మనం దాన్ని విడిగా ఇవ్వాలి.

మోడిఫయర్లలో సాలిడిఫై కలపండి, సబ్‌డివిజన్ కింద ఉండేలా. థిక్‌నెస్ 1.2 పెట్టండి. మామూలు ప్రింటర్ నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ వచ్చే సన్నని రంధ్రం) 0.4 మిల్లీమీటర్లు, కాబట్టి గోడ మూడు గీతలుగా చక్కగా పడుతుంది. ఆఫ్‌సెట్ -1 ఉంటే మందం లోపలికే పెరుగుతుంది, బయటి కొలత చెడదు. లోపలికి కాక బయటికి పెరిగితే నార్మల్స్ (పలకకి ఏ వైపు బయటో చెప్పే దిశలు) తిరగబడ్డాయని అర్థం. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్+ఎన్ కొట్టండి. ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేస్తే బయట ఎక్కడా ఎరుపు కనబడకూడదు, కనబడితే అక్కడ తేడా ఉన్నట్టు.

షేడ్ స్మూత్ (పలకల్ని నున్నగా చూపించే సదుపాయం) విషయంలో మోసపోకండి. అది వెలుగునీడల మాయ. లెవెల్ 2లో (ఇందాక కంట్రోల్+2 ఇచ్చింది అదే) పొట్ట చుట్టూ 32 ముక్కలు, ఒక్కోటీ సుమారు 8 మిల్లీమీటర్లు. స్క్రీన్ మీద నున్నగా ఉన్నా ప్రింట్‌లో పలకలు వేలికి తగులుతాయి. ప్రింట్‌కి పంపేటప్పుడు లెవెల్ 4 చేస్తే ముక్క 2 మిల్లీమీటర్లలోపుకి దిగుతుంది.

ఇక వాలు. గోడ నిలువు నుంచి 45 డిగ్రీలకి మించి వాలితే కింద ఆసరా లేక ప్లాస్టిక్ జారుతుంది. మన కొలతలకి పొట్ట దగ్గరా భుజం దగ్గరా అంత వాలు రాదు. ఇబ్బంది అడుగు అంచులోనే. ఇందాక వేసిన లూప్ కట్ ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. అంచు ఎంత బిగువుగా ఉంటే మొదటి పొర ప్రింటర్ బల్లకి అంత బాగా అంటుకుంటుంది.

వచ్చే భాగంలోపు ఒక పని చేయండి. చెంబంతా ప్రింట్ తీయొద్దు. స్లైసర్‌లో మూతి వైపు 15 మిల్లీమీటర్ల ముక్క మాత్రం కోసి తీయించి, వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలవండి. వచ్చిన అంకె రాసి పెట్టుకోండి. మర ఆ అంకె మీదే వేస్తాం.