శిక్ష మీద అప్పీలు – 3వ పాఠం: ముందు కూడిక, తర్వాతే గ్రౌండ్స్ (అప్పీలుకి చూపే కారణాలు)

పోయిన పాఠంతో తీర్పు కాపీ చేతికొచ్చింది. దాన్ని ఈసారి చివరి పేజీ నుంచి చదువుదాం.

చంద్రగిరి నుంచి ఒకామె ప్లాస్టిక్ కవర్లో తీర్పు చుట్టుకుని తిరుపతిలో మా ఆఫీసుకొచ్చింది. "నా కొడుక్కి రెండేండ్లే కదా సామీ?" కోర్టు హాల్లో ఆమె చెవిన పడింది ఆ ఒక్క మాటే. కాపీలో మూడు శిక్షలున్నాయి. రాత్రిపూట ఇంట్లో చొరబడినందుకు రెండేళ్లు, దొంగతనానికి రెండేళ్లు, బెదిరించినందుకు ఆరు నెలలు. ఒక్కోదానికి వెయ్యి జరిమానా, కట్టకపోతే నెల చొప్పున అదనం. వాటి కింద చిన్న వాక్యం: "శిక్షలు ఒకదాని తర్వాత ఒకటి అమలు కావాలి."

పెన్సిల్ తీయండి. 24+24+6, మొత్తం 54 నెలలు. అదే ఏకకాలంలో, అంటే కోర్టుల్లో కాంకరెంట్ అనే పద్ధతిలో నడిస్తే 24 నెలలే. కుర్రాడు రిమాండ్‌లో గడిపిన 5 నెలలు తీసేస్తే ఒక లెక్కలో 49, ఇంకో లెక్కలో 19. మన అప్పీలంతా ఈ 30 నెలల గురించే. జరిమానా కట్టకపోతే పడే మూడు నెలలు మాత్రం ఏ లెక్కలోనూ కలిసిపోవు, విడిగా అనుభవించాల్సిందే. ఆ మూడు వేలు ముందు కట్టించేయండి, ఒక టెన్షన్ తగ్గుతుంది.

క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్ష సంహితలో 25వ సెక్షన్ చూడండి. దానికి ముందున్న సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 31వ సెక్షన్ ప్రకారం కోర్టు ఏమీ చెప్పకపోతే శిక్షలు వరుసగా నడిచేవి. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టంలో నేరాల తీవ్రత చూసి, ఏకకాలమో వరుసో కోర్టే చెప్పాలి. వరుసగా వేసినా మొత్తం 20 ఏళ్లు దాటకూడదు, ఒక్క నేరానికి ఆ కోర్టు వేయగల శిక్షకు రెట్టింపూ దాటకూడదు. మొదటి తరగతి మేజిస్ట్రేట్ వేయగలిగేది మూడేళ్లు, కాబట్టి హద్దు ఆరేళ్లు. మన 54 నెలలు దాని లోపే ఉన్నాయి, హద్దు దాటిందని వాదిస్తే నిలవదు.

నిలిచే గ్రౌండ్ ఇది: "మూడు నేరాలూ ఒకే రాత్రి, ఒకే ఇంట్లో, ఒకే ఘటనలో భాగంగా జరిగినవి. శిక్షలు వరుసగా ఎందుకు నడవాలో కింది కోర్టు కారణం చెప్పలేదు." చాలామంది ముసలి తల్లి ఉందని మొదలుపెడతారు. అదీ రాయండి, కానీ మూడో నాలుగో గ్రౌండ్‌గా.

మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకి 30 రోజుల్లో వెళ్లాలి, హైకోర్టుకైతే 60. ఆమె వచ్చేసరికే పదకొండు రోజులు అయిపోయాయి. జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపొచ్చు. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది.

ఇంటిపని: మొదటి తరగతి మేజిస్ట్రేట్ 3, 3, 1 ఏళ్లు వరుసగా వేశారు. రిమాండ్ 8 నెలలు. ఇంకా ఎంత మిగులుతుంది? ఏడేళ్ల నుంచి తీసేసినవాళ్లు 25వ సెక్షన్ పేరా మళ్లీ చదవండి.